కాలువలు కట్టేసిన నెలలో చూసిన ఇల్లు

ఆ రోజు ఆ ఇంట్లో నేను భోజనం చేయకుండా ఉండాల్సింది. చేసినా, చెయ్యి కడుక్కున్న తర్వాత నోరు విప్పి నాలుగు మాటలు అడగాల్సింది. కడుపు నిండా తిని, నోరు కట్టేసుకుని వచ్చాను. దాని ఫలితం నేను పడలేదు. మా అక్క పడింది.

డెబ్బైల మొదట్లో సంగతి ఇది. నేను విజయవాడలో బడి మాస్టరుని. గుణదల కొండ కింద అద్దెకుండేవాళ్ళం, నేనూ మా ఆవిడా. అక్క కంకిపాడు వైపు ఒక ఊళ్ళో చిన్న ఆస్పత్రిలో నర్సు. అమ్మ పోయాక నన్ను పెంచిందీ చదివించిందీ తనే. పెళ్ళి చేసుకోలేదు. ఆస్పత్రి వెనక ఇచ్చిన ఒంటి గదిలోనే వయసంతా గడిపింది. ఆ గదిలో గోడకి మేకు కొట్టాలన్నా ఎవరినో అడగాలి. ఉద్యోగం అయిపోయే లోపల తనదంటూ ఒక ఇల్లు ఉండాలని, పెరట్లో నాలుగు మల్లె చెట్లు వేసుకోవాలని ఆవిడ కోరిక. ఇంకేమీ కోరినట్టు నాకు గుర్తులేదు.

అక్కకి ఉబ్బసం. ఎండకి తట్టుకునేది, దుమ్ముకి కూడా ఎలాగో తట్టుకునేది. చెమ్మకి మాత్రం తట్టుకోలేదు. తడి గోడ పక్కన ఒక్క రాత్రి పడుకుంటే చాలు, తెల్లారేసరికి రొమ్ములో పిల్లికూతలు. నర్సు కాబట్టి తన ఊపిరి లెక్క తనకి బాగా తెలుసు.

అదే ఊళ్ళో కాలువ గట్టుకి దగ్గరగా ఒక పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. ఇంటాయన రైతు. విజయవాడలో ఎరువుల కొట్టు పెట్టుకుని కాపురం అక్కడికి మారుస్తున్నాడు. అక్క నన్ను పిలిపించి, వెళ్ళి చూసి రమ్మంది.

"ఇళ్ళ సంగతి నాకేం తెలుసక్కా? నువ్వే రా," అన్నాను.

"నేనొస్తే వాళ్ళకి మొహమాటంరా. ఇంటావిడ కాన్పులన్నీ నా చేతుల మీదే అయినాయి. నువ్వయితే కొత్తోడివి. ఏదైనా అడగొచ్చు."

"ఏమడగను?"

"తూర్పు వాకిలా పడమర వాకిలా అని మాత్రం అడక్కు. మన దేవుడు ఎటునుంచైనా వస్తాడు. చెప్పులిప్పి నేల మీద నడువు. గోడ మీద చెయ్యి పెట్టి చూడు. వానల్లో ఎట్టా ఉంటదో అడుగు. అంతే. దూలానికి పుచ్చు పట్టినా, తలుపు సరిగ్గా పడకపోయినా నేను సర్దుకుంటా. చెమ్మ ఒక్కటి లేకుండా ఉంటే చాలు."

ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

వెళ్ళింది మే నెలలో. బడికి సెలవులు. కాలువలకి నీళ్ళు కట్టేసి చాలా రోజులైంది. కాలువ అడుగున నల్లమట్టి బీటలు తీసి, గేదెలు ఆ గట్టు నుంచి ఈ గట్టుకి కాళ్ళు తడవకుండా నడుస్తున్నాయి. డెల్టాలో ఇల్లు చూడటానికి అంతకన్నా చెడ్డ నెల లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం వానలేని రోజుల్లో వెళ్తే నలువైపులా తీరిగ్గా తిరిగి చూడొచ్చని అనుకున్నాను.

ఇంటాయన గొడుగు పట్టుకుని బస్సు దగ్గరికి ఎదురొచ్చాడు. "రండి మాస్టారూ, ఎండన పడి వచ్చారు," అంటూ గొడుగు నా మీదకి వంచి, తాను సగం ఎండలో నడిచాడు. ఇంటికి వెళ్ళగానే ఇంటావిడ మంచినీళ్ళు తెచ్చింది. ఏ గ్లాసులో తెచ్చిందా అని చూశాను. నా వయసున్న మావాళ్ళందరికీ ఆ చూపు ఉంటుంది, కావాలని చూడం. వసారాలో చూరుకింద విడిగా బోర్లించిన గ్లాసు కాదది. లోపలి నుంచి తెచ్చింది. వాళ్ళు తాగే ఇత్తడి గ్లాసు.

మా నాన్న అలాంటి ఇళ్ళల్లో పాలేరు. ఆయన భోజనం ఎప్పుడూ పెరట్లోనే, గొడ్లచావిడి పక్కన. గడప లోపల ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకి తెలియకుండానే పోయాడు. ఆ రోజు నాకు నడిమింట్లో పీట వేశారు. పక్కనే ఇంకో పీట వేసుకుని ఇంటాయన కూర్చున్నాడు. మామిడికాయ పప్పు, కొత్తావకాయ, గడ్డపెరుగు, ఆఖర్న రసాలు. ఆవిడ కొసరి కొసరి వడ్డించింది.

"మీ అక్కగారు లేకపోతే మా పెద్దాడు నాకు దక్కేవాడు కాదండీ," అంది నెయ్యి వేస్తూ. "నర్సమ్మగారి తమ్ముడు మా ఇంటికొచ్చి తినకుండా వెళ్తే నాకు పుట్టగతులుండవు."

పప్పన్నం కలుపుకుంటూ నాన్న గురించే అనుకున్నాను.

నేను ఇల్లు చూడలేదని కాదు. చూశాను. చెప్పులు గుమ్మం బయటే విప్పాను కాబట్టి కాళ్ళకి నేల తగిలింది. ఎండలో కాలి వచ్చిన పాదాలకి నాపరాళ్ళు చల్లగా, హాయిగా ఉన్నాయి. గోడలకి నడుము ఎత్తు దాకా కొత్త సున్నం, ఆ పైన పాత సున్నం. అదీ చూశాను. పక్క గదిలో బియ్యం బస్తాలు చెక్కల మీద ఎత్తుగా పెట్టి ఉన్నాయి, గోడకి మూరెడు ఎడంగా. అదీ చూశాను. ఆ గది గుమ్మంలో నిలబడితే తడి గోనెసంచి వాసన లాంటిది ఒకటి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆవిడ తమలపాకుల పళ్ళెం పట్టుకొచ్చింది.

"ఏమన్నా అడగాలంటే అడగండి మాస్టారూ. ఇల్లు కొనే విషయం, మొహమాటపడకూడదు," అన్నాడాయన.

"అడగటానికేముందండీ. ఇల్లు బంగారంలా ఉంది. మే నెలలో కూడా నేల ఎంత చల్లగా ఉందో," అన్నాను.

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని తమలపాకుల ఈనెలు తీస్తోంది. ఆ నిశ్శబ్దాన్ని నేను మర్యాద అనుకున్నాను.

తిన్న ఇంటికి వంక పెట్టకూడదన్నది మా ప్రాంతంలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేని సంగతి. కానీ నేను దాని చాటున దాక్కోను. అసలు సంగతి వేరు. ఆ పీట మీద నన్ను కూర్చోబెట్టినందుకు వాళ్ళకి ఏదో ఒకటి ఇచ్చుకోవాలనిపించింది. నా దగ్గర ఇవ్వడానికి ఒక్క మెచ్చుకోలే ఉంది. అది ఇచ్చాను.

సాయంత్రం ఆస్పత్రి దగ్గర అక్క గేటు బయటే నిలబడి ఉంది.

"చెమ్మ?" అంది.

"లేదక్కా. పొడిగా ఉంది."

తెలియక చెప్పానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. తెలియదని చెప్పాల్సిన చోట లేదని చెప్పాను. అది అబద్ధమే.

అక్క ఇల్లు కొనుక్కుంది. జూన్‌లో ఆ ఇంట్లో ప్రార్థన పెట్టించుకుంది. మేము వెళ్ళి పాయసం తిని వచ్చాము. ఆ తర్వాత కాలువలకి నీళ్ళు వదిలారు. నాకు బడి మొదలైంది. ఆ ఊరి నుంచి ఎవరు విజయవాడ వచ్చినా "అక్కగారు బాగున్నారు, మల్లె అంట్లు వేశారు" అని చెప్పేవాళ్ళు. నేనూ అంతటితో తృప్తిపడేవాణ్ణి.

శ్రావణంలో ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బయల్దేరి వెళ్ళాను. సన్నటి జల్లు పడుతోంది. కాలువ గట్లు ఒరుసుకుని పారుతోంది. అక్క మంచం వసారాలో ఉంది. జల్లు కొట్టకుండా గోనెపట్టా కట్టుకుంది. మంచం మీద దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి వాటికి ఆనుకుని కూర్చుని ఉంది. మాట్లాడటానికి ముందు ఊపిరి పోగుచేసుకుంటోంది.

"ఇక్కడెందుకు పడుకున్నావు?"

"గాలి... బాగుంటది."

నేను లోపలికి వెళ్ళాను. నడిమింట్లో చాప ఎత్తితే కింద రాళ్ళు చెమటలు పట్టినట్టు ఉన్నాయి. గోడకి నడుము ఎత్తు వరకు తడి ఎక్కి, సున్నం పొక్కులు పొక్కులుగా లేచి, ఉప్పులా రాలుతోంది. అక్క చీరలు ట్రంకు పెట్టెలోంచి తీసి దండెం మీద ఆరేసుకుంది. వాటికి బూజు వాసన.

బయటికొచ్చి నేనన్న మొదటి మాట ఏమిటో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అప్పుడు పొడిగానే ఉందక్కా," అన్నాను.

"చెప్పులిప్పి నడిచావా?"

"నడిచాను. చల్లగా ఉంది."

అక్క నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. "రోహిణి ఎండల్లో... నేల చల్లగా ఉంటే... నీకు మెచ్చుకోబుద్ధేసిందా," అని మాత్రం అంది. కోపంగా కూడా అనలేదు.

ఇంటికొచ్చి ఆ వారమంతా గుడికి వెళ్ళాను. ఫాదర్ గారి దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. ఆయన చెప్పిన జపాలు చెప్పుకున్నాను. శనివారం మా ఆవిడ నా ముందు కంచం పెట్టి నిలబడింది.

"వదిన అక్కడ ఊపిరాడక కూర్చుంటే మీరు ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుంటే ఏం లాభం? చెప్పుకోవాల్సింది ఆవిడకి. వెళ్ళి చెప్పండి. చెప్పి, తీసుకురండి. ముందు గది ఖాళీ చేశాను."

మర్నాడు వెళ్ళి వసారాలో మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. గ్లాసు సంగతి, పీట సంగతి, బియ్యం బస్తాలు, కొత్త సున్నం, అడగమన్నా అడగకపోవడం. అక్క కళ్ళు మూసుకుని వింది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"ఏం వండారు?" అంది చివరికి.

"మామిడికాయ పప్పు."

"నెయ్యి?"

"పోసింది."

"ఆవిడ చెయ్యి పెద్దదేలే." కాసేపు ఊపిరి తీసుకుంది. "నాన్నని నడిమింట్లో కూర్చోబెట్టుంటే నాన్న కూడా గోడలు చూసేవాడు కాదురా. ఆయన్ని నేను ఏమీ అనేదాన్ని కాదు. కానీ నువ్వు నాన్నవి కాదుగా. అడగటం వస్తుందని నిన్ను చదివించాను."

అంతకన్నా గట్టిగా నన్ను ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు. నేను ఆవిడ కాళ్ళ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి, "సరే, పెట్టె సర్దు. నేను రానంటే మీ ఆవిడ ఎట్టాగూ ఒప్పుకోదు," అంది.

గుణదల నేల గట్టిది, కొండ రాయి. వారం తిరిగేసరికి అక్క వెల్లకిలా పడుకుని నిద్రపోవడం మొదలుపెట్టింది. ఆస్పత్రికి జీతం లేని సెలవు పెట్టింది, మనిషి తేరుకుంది. కానీ మా ఇంట్లో ఆవిడ చుట్టంలాగే ఉండేది. గిన్నె ఎక్కడుందో తెలిసినా మా ఆవిడని అడిగి తీసుకునేది. వానొచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి, "మల్లె అంట్లు కుళ్ళిపోతాయేమో," అనేది. జీవితమంతా ఇంకొకరి గదిలో ఉన్న మనిషిని మళ్ళీ ఇంకొకరి గదిలోకే తెచ్చాను.

అప్పుడు ఎరువుల కొట్టుకి వెళ్ళాను. పోట్లాడటానికే వెళ్ళాననుకోండి. ఇంటాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"నర్సమ్మగారికి ఎలా ఉందండీ? మా ఆవిడ రోజూ అంటోంది, వెళ్ళి చూసి రమ్మని. మొహం చెల్లక రాలేకపోయాను."

"తెలిసే అమ్మారా?" అన్నాను.

"మీరు అడుగుతారనుకున్నామండీ. అడిగితే చెబుదామని ముందురోజు రాత్రి ఇద్దరం అనుకునే ఉన్నాం. మీరు నేల బాగుంది, బంగారంలా ఉందన్నారు. అంత మెచ్చుకున్నవాళ్ళతో, మా ఇంటికి రోగం ఉందని ఎలా చెబుతాం మాస్టారూ? తర్వాత చెబుదాం, తర్వాత చెబుదాం అనుకుంటూనే రిజిస్ట్రీ అయిపోయింది."

పోట్లాట జరగలేదు. ఆయనా నాలాంటివాడే. ఇద్దరు మర్యాదస్థులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరినొకరు నొప్పించకుండా, అక్కడ లేని మనిషిని నీళ్ళలోకి తోశారు.

కొట్టులో ఎరువు బస్తా మీద కూర్చోబెట్టి ఆయన అన్నీ చెప్పాడు. వాళ్ళ తాతల రోజుల్లో ఆ పెరట్లోంచి పొలాలకి నీళ్ళు పారే ఒక పంట బోదె పోయేదట. దాన్ని పూడ్చి, దాని మీదే వెనక గోడ లేపారట. కాలువకి నీళ్ళు వదిలినప్పుడల్లా నీరు పాత దారి వెతుక్కుంటూ ఇంటి కిందకి వస్తుంది. వాళ్ళు వానాకాలం నులకమంచాల మీద, చుట్టూ బొగ్గుల కుంపట్లు పెట్టుకుని వెళ్ళదీసేవాళ్ళు. ప్రతి ఏప్రిల్‌లో గోడలు ఆరాక నడుము వరకు సున్నం వేయించేవాళ్ళు. అది నన్ను మోసం చేయడానికి వేసిన సున్నం కాదు, ఏటా వేసేదే.

ఊళ్ళల్లో ఇల్లు కొనుక్కుంటున్నామని ఎవరైనా చెబితే నేను ఇప్పటికీ కొంచెం విసిగిస్తాను. కాలువ నిండా పారుతున్నప్పుడు వెళ్ళి చూడమంటాను, గొడుగు పట్టుకుని. గోడకి ఆనించిన బీరువానో బస్తాలో ఉంటే జరిపించమంటాను. వాళ్ళు చిన్నబుచ్చుకున్నా సరే. పట్నంలో అయితే కాగితాలు చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఊళ్ళో ఇంటికి కాగితం మీద ఎక్కని చరిత్ర ఉంటుంది. బోదె ఎటు పోయేదో, పెంటదిబ్బ ఎక్కడ ఉండేదో, పక్కింటివాళ్ళ మరుగుదొడ్డి గుంటకి మన నుయ్యి ఎంత దూరమో, వీధిలోంచి ఇంటికొచ్చే దారి ఎవరిదో. అవి అమ్మేవాళ్ళని అడగాలి, పక్కింట్లో కూడా అడగాలి. తాటి దూలాన్ని గూటంతో కొట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే లోపల చెదలు తినేసినట్టే. ఇవన్నీ చూసినా ఇంకో సంగతి మిగులుతుంది. ఎవరి కోసం చూస్తున్నామో వాళ్ళ ఊపిరితో ఆ ఇంట్లో ఒకసారి నిలబడి చూడాలి. నేను నా మనసుతో నిలబడ్డాను.

మరుసటి వేసవిలో కాలువలు కట్టేయగానే పని మొదలుపెట్టాను. ఇంటాయన తనే వచ్చి, పెరట్లో గునపంతో గీత గీసి బోదె పోయిన దారి చూపించాడు. ఆ దారికి అడ్డంగా, ఇంటికి ఇవతలే లోతుగా కందకం తవ్వించి, నీరు పక్కకి మళ్ళేలా రోడ్డు పక్క కాలవలోకి కలిపాం. నాపరాళ్ళన్నీ ఊడదీశాం. కింద నల్లమట్టి సబ్బులా జారుతోంది. దాన్ని తీసేసి, ఇటుక ముక్కలు పరిచి, కృష్ణ ఇసుక తోలించి, గట్టిగా దిమ్మిస కొట్టించాం. గోడలకి కింది సున్నం గీకేసి తారు పూయించాను. కూలీలతో పాటు నేనూ మట్టి మోశాను. పుణ్యం కోసం కాదు. ఊరికే నిలబడి చూడలేక. అరచేతులు బొబ్బలెక్కి, బడి తెరిచాక చాక్‌పీస్ పట్టుకోవడానికి ఇబ్బంది పడ్డాను.

"అయిపోయిందిగా, ఇంక నేను వెళ్ళనా?" అంది అక్క జూన్‌లో.

"ఇప్పుడు కాదు. కాలువ నిండనీ. ముందు నేను ఉంటాను."

ఆ వానాకాలం నేను ఆ ఇంట్లో కాపురం ఉన్నాను. పొద్దున్నే బస్సెక్కి బడికి వచ్చేవాణ్ణి, సాయంత్రం తిరిగి వెళ్ళేవాణ్ణి. బస్సెక్కే ముందు గుణదలలో ఇంటికి వెళ్తే మా ఆవిడ అన్నం క్యారియరు చేతికిచ్చేది. మంచం వేసుకోలేదు. పడకగదిలో చాప వేసుకుని నేల మీదే పడుకున్నాను, గోడకి ఆనుకుని. లేవగానే చాప ఎత్తి అరచేత్తో రాళ్ళు తడిమి చూడటం అలవాటైంది. మల్లె అంట్లు కొన్ని నిజంగానే కుళ్ళిపోయాయి. వాటి చోట కొత్తవి నాటాను.

వానలు వెనకపట్టాక గుణదల వచ్చి అక్క ముందు కూర్చున్నాను. ఈసారి ఒక్కొక్క గది పేరే చెప్పాను. పడకగది పొడిగా ఉంది. నడిమిల్లు పొడిగా ఉంది, కానీ పెద్ద వాన కురిసిన మర్నాడు గుమ్మం దగ్గర కొంచెం చెమరుస్తుంది, మధ్యాహ్నానికి ఆరిపోతుంది. వంటింటి వెనక మూల మాత్రం నా వల్ల కాలేదు. అక్కడ ఇంకా తడి ఎక్కుతోంది. సాగదీయకుండా చెప్పాను, తగ్గించకుండా కూడా.

"ఆ మూలన నీళ్ళ బిందె పెట్టుకుంటాలే," అంది అక్క. లేచి చీరలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ట్రంకు పెట్టె బస్సు మీద వేయించి నేనే దిగబెట్టాను. ఇంటి ముందు తాళంచెవి ఆవిడ చేతికిచ్చాను. ఇల్లంతా తనే తిరిగి, గోడలు తనే తడిమి చూసుకోమని చెప్పి, నేను వాకిట్లోనే ఉండిపోయాను.